అమ్మ పోయాక నాన్నకు మనుషులు అక్కర్లేకుండా పోయారా?

ప్రశ్న: మాది తెనాలి. నేను న్యూజెర్సీలో, చెల్లెలు పుణెలో ఉంటున్నాం. నాన్నగారికి 71 ఏళ్లు, జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. ఒక్కరే ఉంటున్నారు. పొద్దున నడక మానేశారు, పెళ్లిళ్లకు వెళ్లడం లేదు, రోజంతా టీవీ ముందే. సరిగ్గా తినరు. పనిమనుషుల్ని ఇప్పటికి ముగ్గుర్ని మాన్పించారు. హాల్లో కెమెరా పెట్టించాను, సరుకులు, మందులు ఇక్కడినుంచే యాప్‌లో పంపిస్తున్నాను, రోజూ ఫోన్ చేస్తున్నాను. "ఆ, బాగానే ఉన్నా" అని పెట్టేస్తారు. మధ్యలో రెండు నెలలు మా ఇంటికి తీసుకొస్తే ఇంకా ముభావంగా అయ్యారు. గట్టిగా అడిగితే "నాకెవరూ అక్కర్లేదు, నన్నిలా వదిలెయ్" అంటారు. కొంతమంది స్వభావమే అంతేమో, వదిలేయడమే మంచిదా? అసలు మనిషికి సాటి మనిషి అంత అవసరమా? బావగారేమో సీనియర్ సిటిజన్ల హోంలో చేర్చేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు స్వభావం సంగతి తేల్చుకుందాం. ఒంటరిగా ఉండటం నిజంగా ఇష్టమైనవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఒక్కరే ఉన్నప్పుడు చేసుకునే పని ఏదో ఉంటుంది. చదువుకుంటారు, మొక్కలు పెంచుతారు, జపం చేసుకుంటారు. ఎవరైనా వస్తే గంటసేపు హాయిగా మాట్లాడి, మళ్లీ తమ పనిలో పడతారు. వేళకు తింటారు, నిద్రపోతారు. మీ నాన్నగారు దశాబ్దాలపాటు క్లాసు నిండా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి. నడకకు వెళ్లేవారు, పెళ్లిళ్లకు వెళ్లేవారు. ఆ అలవాట్లన్నీ అమ్మగారు పోయాకే పోయాయి, తిండి కూడా వాటితోపాటే తగ్గింది. ఇది స్వభావం కాదు. ఆయన్ని అలా వదిలేయకండి. అలాగని మెడపట్టి మనుషుల్లోకి తోయకండి, అది అసలు పనిచేయదు. ఎందుకో చెబుతాను.

మనిషికి మనిషి అంత అవసరమా అన్నారు. శరీరం దృష్టిలో అన్నం ఎలాగో ఇదీ అలాగే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒకరోజు ఒక్కొక్కరినీ ఫోన్ కూడా లేకుండా పది గంటలు గదిలో ఒంటరిగా ఉంచారు. ఇంకోరోజు అదే మనుషుల్ని పది గంటలు పస్తు ఉంచారు. ఆ తర్వాత మెదడు స్కాన్ తీస్తూ, పస్తున్న రోజు తిండి బొమ్మలు, ఒంటరిగా ఉన్న రోజు మనుషులు కలిసి నవ్వుకుంటున్న బొమ్మలు చూపించారు. మెదడు నడిమి భాగంలో కోరికకు సంబంధించిన ఒకే చోటు రెండుసార్లూ ఒకేలా స్పందించింది. 2020లో ఈ ఫలితాలు ప్రచురించారు. పది గంటలకే అంత ఆరాటం ఉంటే, పద్నాలుగు నెలల సంగతి ఆలోచించండి.

ఆయుష్షు లెక్కలు ఇంకా పాతవి. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో దాదాపు 7 వేల మందిని తొమ్మిదేళ్లు గమనించి లీసా బర్క్‌మన్, లెనర్డ్ సైమ్ 1979లో ఫలితాలు వెల్లడించారు. భార్యాభర్తలు, స్నేహితులు, బంధువులు, గుడి లేదా చర్చి, సంఘాలు, ఇలాంటి బంధాలు బాగా తక్కువ ఉన్నవాళ్లలో మరణాలు, ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో 2.3 రెట్లు, ఆడవాళ్లలో 2.8 రెట్లు. పొగతాగడం, మద్యం, వ్యాయామం, అప్పటికే ఉన్న జబ్బులు లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

మీకు ఎక్కువగా పనికొచ్చేది మాత్రం షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కాసియొప్పో ఏళ్ల తరబడి చేసిన పని. ఆకలి మనల్ని తిండి వైపు నెట్టినట్టే, ఒంటరితనపు బాధ మనల్ని మనుషుల వైపు నెట్టడానికే ఉందనేవాడాయన. కానీ అది నెలల తరబడి సాగితే మెదడు కాపలా పెంచుకుంటుంది. నాకెవరూ లేరు కాబట్టి నన్ను నేనే కాచుకోవాలన్న పద్ధతిలోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఎదుటివాళ్ల మామూలు మాట కూడా వేళాకోళంలా, తప్పు పట్టినట్టు అనిపిస్తుంది. నిద్ర ముక్కలవుతుంది, పొద్దున లేస్తే అలసట. ఎవరైనా పలకరించబోతే ముందే తలుపేసుకోవాలనిపిస్తుంది. ముగ్గురు పనిమనుషుల్ని మాన్పించడం, "నాకెవరూ అక్కర్లేదు" అనడం ఈ స్థితిలో ఊహించదగ్గవే. అందుకే ఒకేసారి పదిమందిలో కూర్చోబెడితే ఆయనకు అది ప్రమాదంలా తోస్తుంది. చిన్న మోతాదులో, తెలిసిన ముఖంతో, ప్రతిసారీ ఒకే వేళకు మొదలుపెట్టాలి.

ఇంకొక్క ప్రయోగం చెప్పి పనిలోకి వస్తాను. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ కోన్ బృందం, 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 16 మంది వివాహిత స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాకు తగలొచ్చని ముందే చెప్పారు. ఒక్కరే ఉన్నప్పుడు మెదడులో బెదురు ఎక్కువ. కొత్త మనిషి చెయ్యి పట్టుకుంటే కొంత తగ్గింది, భర్త చెయ్యి పట్టుకుంటే బాగా తగ్గింది. అన్యోన్యంగా ఉన్న దంపతుల్లో మరింత తగ్గింది. దశాబ్దాలపాటు అలా పక్కన ఉన్న మనిషి పోయింది. ఆ బరువు మొత్తం ఇప్పుడు ఆయన శరీరం ఒక్కటే మోస్తోంది. ఆయన మొండితనం చూసి మీకు కోపం వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పద్నాలుగు నెలలు అన్నారు. ఆ లెక్కలోనూ ఒక విషయం ఉంది. పోయిన మొదటి ఏడాది మన ఇళ్లలో ఏదో ఒక రాకపోక ఉంటుంది. పదకొండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. పురోహితుడు వస్తాడు, మేనత్తలొస్తారు, పక్కింటివాళ్లు ఒక కూర పంపిస్తారు. సంవత్సరీకం అయిపోగానే అందరూ ఒక్కసారిగా తమ తమ ఇళ్లకు వెళ్లిపోతారు. పిల్లలు "ఇంక పర్వాలేదు" అనుకునేదీ అప్పుడే. మీరు ఉత్తరం రాసింది సరైన సమయానికే.

రెండో విషయం, అమ్మగారి పాత్ర. ఆ తరం ఇళ్లలో సంబంధాలన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరికి బాగాలేదు, ఎవరి గృహప్రవేశానికి ఏం పెట్టాలి, ఏ వదినగారికి ఫోన్ చేసి ఎన్నాళ్లయింది, అంతా ఆవిడకే తెలుసు. ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మూతపడితే ప్రతి ఇంట్లో ఫోన్ ఉండీ ఎవరూ మాట్లాడలేరు చూశారా, మీ ఇంట్లో జరిగిందదే. ఆయన చుట్టూ మనుషులు ఇంకా ఉన్నారు, తీగలే తెగాయి. కాబట్టి మొదటి పని ఇది: అమ్మగారి ఫోన్ బయటికి తీయించండి. సిమ్ పోయినా ఫోన్‌లో పేర్లు ఉంటాయి. ఆవిడ చివరి ఏడాదిలో తరచూ మాట్లాడిన పదిహేను, ఇరవై మంది పేర్లు మీ చెల్లెలితో కలిసి ఒక కాగితం మీద రాయండి. వాళ్లలో చాలామందికి ఆయన్ని పలకరించాలని ఉంటుంది, ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయి ఉంటారు. మీరే ఫోన్ చేసి, "పిన్నీ, నాన్నకు అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి" అని అనకండి. అప్పుడప్పుడు అంటే ఎప్పుడూ కాదు. "ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగింటికి చేస్తావా, ఐదు నిమిషాలు చాలు" అని అడగండి. ఏడుగురు ఒప్పుకుంటే వారం నిండుతుంది. అమ్మగారి దగ్గర పుట్టినరోజులు, పెళ్లిరోజులు, తద్దినాలు రాసుకున్న డైరీనో పాత క్యాలెండరో ఉంటే అది నాన్నగారికే అప్పగించండి. "ఇకమీదట మా అందరి తరఫునా మీరే ఫోన్ చేయాలి" అని చెప్పండి. లెక్కల మాస్టారికి తేదీలు అప్పగిస్తే ఊరికే పోవు.

మనుషుల దగ్గరికి వెళ్లకుండా ఆయన శరీరమే అడ్డుపడుతోందేమో కూడా ఇప్పుడే చూడాలి. చాలా ఇళ్లలో ఈ పని వదిలేసి, "మనసు బాగాలేదు" అంటూ తిరుగుతుంటారు.

అన్నిటికంటే ముందు చెవులు. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేవి సన్నని ధ్వనులు. గొంతు వినిపిస్తుంది, మాట విడివడదు. స, ష, చ లాంటివి కలిసిపోతాయి. ఆడవాళ్ల, పిల్లల గొంతులు మరీ కష్టం. పెళ్లిమండపంలో బాజాలు, మైకు మధ్య పక్కవాడి మాట ఒక్కటీ అందదు. నాలుగుసార్లు "ఆఁ?" అన్నాక మనిషి నవ్వి ఊరుకుంటాడు, ఐదోసారి వెళ్లడమే మానేస్తాడు. పనిమనిషి చెప్పింది ఒకటి, ఆయన విన్నది ఇంకొకటి అయి గొడవలై ఉండొచ్చు. ఫోన్‌లో "ఆ, బాగానే ఉన్నా" అని పెట్టేయడానికి కూడా ఇదే కారణం కావొచ్చు. టీవీ సౌండ్ ఎంత పెడుతున్నారో పక్కింటివాళ్లను అడగండి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ముందు గుబిలి తీయించి, ఆ తర్వాత ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించాలి. వినికిడి యంత్రం అవసరమైతే సాధారణంగా రెండు చెవులకూ పెట్టించడం మేలు. కొనే ముందు కొన్నాళ్లు వాడి చూడటానికి ఇస్తారేమో అడగండి.

యంత్రం కొన్న నెలకే సొరుగులో పడేయడం ఊరూరా జరుగుతుంది. ఎందుకంటే చాన్నాళ్లుగా వినని చప్పుళ్లన్నీ, ఫ్యాను, గిన్నెలు, కాగితం మడత, ఒక్కసారిగా మీద పడతాయి. మెదడుకు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం ఇంట్లోనే, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, రోజుకు రెండు గంటలు. తర్వాత ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు. ఆ తర్వాతే బజారు. మధ్యలో రెండు మూడుసార్లు వినికిడి నిపుణుడు, అంటే ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లి సౌండ్ సరిచేయించుకోవాలి. ఆ తిరుగుడుకు తోడుగా వెళ్లే మనిషిని ముందే మాట్లాడిపెట్టండి. బటన్ బ్యాటరీల యంత్రమైతే, స్టిక్కర్ పీకాక నిమిషంపాటు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి. చిన్నవి సుమారు వారం రోజులొస్తాయి. మన కోస్తా ఉక్కపోతకు తేమ చేరి పాడవుతాయి కాబట్టి రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి.

తర్వాత మూత్రం. డెబ్బై దాటిన మగవాళ్లు బయటికి వెళ్లకపోవడానికి ఇది పెద్ద కారణం, నోరు తెరిచి చెప్పరు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగితే గంటకోసారి వెళ్లాల్సి వస్తుంది, ఆపుకోవడం కష్టం, రాత్రి నాలుగుసార్లు లేస్తారు. పెళ్లికి వెళ్తే బాత్రూం ఎక్కడుందోనన్న బెంగ. కొడుకుగా మీరే నేరుగా అడగండి, కూతురికి చెప్పరు. యూరాలజిస్టు దగ్గర దీనికి మంచి మందులున్నాయి. మోకాళ్లు, కంటిలో శుక్లాలు, వదులైన కట్టుడు పళ్లు కూడా ఇలాంటివే. పళ్లు సరిగ్గా లేని మనిషి నలుగురి ముందు తినడానికి సిగ్గుపడతాడు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం చూడమని డాక్టరును అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు. బీపీకి వాడే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే కొన్ని మందులతో సోడియం పడిపోతే మనిషి మందకొడిగా, తికమకగా అవుతాడు, ఇంట్లోవాళ్లు దిగులనుకుంటారు.

డిప్రెషన్ ఉందేమో కూడా చూపించాలి. వృద్ధుల కోసం 15 ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది, డాక్టరు పది నిమిషాల్లో చేస్తారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, ఆర్నెల్లలో బరువు 5 శాతం తగ్గడం (70 కిలోల మనిషి 66.5కి రావడం), ఇష్టమైనవి కూడా రుచించకపోవడం గుర్తులు. మందు రాస్తే అది పనిచేయడం మొదలుకావడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే "ఏం లాభం లేదు" అని ఆపనివ్వకండి. "నేను పోతే మీకు గొడవ వదులుతుంది" అన్నా, కాగితాలు, వస్తువులు పంచిపెట్టేస్తున్నా, మాత్రలు పోగేస్తున్నా ఆగకండి. అదే రోజు ఎవరినైనా ఇంటికి పంపి, ఒక్కరినీ ఉంచకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల సాయానికి ఎల్డర్‌లైన్ 14567.

ఇక మనుషుల సంగతి. మీరు చేసిన ఏర్పాట్లన్నిటిలో ఒక లోపం ఉంది. కెమెరా, ఫోన్, సరుకులు, మీ ఇంట్లో రెండు నెలలు, అన్నిట్లోనూ ఆయన్ని ఎవరో చూసుకుంటున్నారు. ఆయన కోసం ఎదురుచూసే మనిషి మాత్రం లేడు. ఫలానా వేళకు రాకపోతే "మాస్టారు ఇవాళ రాలేదేం?" అని అడిగే చోటు ఒక్కటైనా ఉండాలి. న్యూజెర్సీలో ఆయన ముభావంగా అయ్యారంటే నాకు ఆశ్చర్యం లేదు. పొద్దున ఎనిమిదికి మీరంతా వెళ్లిపోతే, కారు నడపలేని ఊళ్లో, సాయంత్రం దాకా ఆయన రాకపోకలతో ఎవరికీ పని లేదు. తెనాలిలో ఆ చోటు తయారుచేయడం సులభం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు సగం ఊరు ఉంటారు.

ముందు ఒక్క స్నేహితుణ్ణి ఎంచుకోండి. పాత సహోద్యోగి అయితే మంచిది, పావుగంట నడక దూరంలో ఉంటే ఇంకా మంచిది. ఎక్కువ మాట్లాడే మనిషి వద్దు, మానకుండా వచ్చే మనిషి కావాలి. ఆయనకు ఇలా చెప్పండి: మొదటి వారం రెండు రోజులు, పొద్దున ఆరింటికి, గేటు దగ్గర పది నిమిషాలు. లోపలికి రాకూడదు, నడకకు రమ్మని అడగకూడదు. పేపర్లో వచ్చిన విషయం ఒకటి మాట్లాడి వెళ్లిపోవాలి. రెండో వారం మూడు రోజులు, ఒక కాఫీ. మూడో వారం "సెంటర్ దాకా వెళ్లొద్దాం పద, పెరుగు తేవాలి" అనాలి. ఊరికే నడకంటే రారు, పని ఉంటే వస్తారు. మగవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి "మనసు విప్పి మాట్లాడుకోండి" అంటే బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తూ, చదరంగం ఆడుతూ, ఉల్లిపాయలు బేరమాడుతూ అన్నీ చెప్పుకుంటారు. ఏ రోజైనా నాన్నగారు "ఇవాళ ఓపిక లేదు" అంటే స్నేహితుడు బతిమాలకూడదు, అలగనూ కూడదు. "సరే, ఎల్లుండి వస్తా" అని, ఎల్లుండి తప్పకుండా రావాలి. పని నడిచేది ఆ రావడం వల్లే.

తొందరపడకండి. పరిచయం స్నేహం కావడానికి ఎంతసేపు పడుతుందో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో లెక్క చూపించాడు. మామూలు స్నేహానికి కలిసి గడిపిన సమయం 50 గంటల దాకా, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. రోజుకు ముప్పావుగంట చొప్పున వారానికి ఆరు రోజులు కలిస్తే 50 గంటలకు పదకొండు వారాలు, 200 గంటలకు పది నెలలు. నెల తిరిగేసరికి మార్పు లేదని మీరు చేతులెత్తేస్తే అది లెక్క తప్పే. పాత స్నేహితుడైతే ఇంత పట్టదు, ఎండిన మొదలు కాదు కదా.

యాప్‌లో సరుకులు పంపడం వెంటనే ఆపండి. మీరు ప్రేమతో చేస్తున్నారు, కానీ దానివల్ల కిరాణా కొట్టాయన, పాలవాడు, మందులషాపు కుర్రాడు, కూరగాయలమ్మి, ఇంతమంది ఆయన రోజులోంచి మాయమయ్యారు. ఇవి చిన్న పలకరింపులే అయినా, "ఏం మాస్టారూ, కనబడటంలేదు" అనేది ఇలాంటి వాళ్లే. భారీ సామాను, బియ్యం బస్తా, గ్యాసు మాత్రం ఇంటికి రానివ్వండి. కూరలు, పెరుగు, పేపరు, మందులు ఆయనే తెచ్చుకోవాలి. ఫ్రిజ్ నిండా వారానికి సరిపడా నింపకుండా, రెండు రోజులకోసారి వెళ్లక తప్పని పరిస్థితి ఉంటే చాలు.

ఇంక ట్యూషన్. మీ ఉత్తరం చదువుతుండగానే నాకు తట్టింది ఇదే. పదో తరగతి పిల్లలు ఇద్దరో ముగ్గురో, లెక్కలు మాత్రమే, వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర, వరండాలో. నలుగురు దాటకూడదు, దాటితే అది ఉద్యోగమైపోయి విసిగిపోతారు. పూర్తి ఉచితం కూడా వద్దు. ఉచితమైతే పిల్లలు ఇష్టమొచ్చినప్పుడు మానేస్తారు, ఆయన వరండాలో కూర్చుని ఎదురుచూసి నొచ్చుకుంటారు. నామమాత్రపు ఫీజు, వారంలో రెండుసార్లు చెప్పకుండా మానితే తల్లిదండ్రులకు ఫోన్, ఈ రెండు నియమాలు చాలు. అడగాల్సింది మీరు కాదు. నిజంగా అవసరం ఉన్న పక్కింటి తల్లే వచ్చి "మాస్టారూ, మావాడికి త్రికోణమితి బుర్రకెక్కడం లేదండీ" అని అడగాలి. కొడుకు ఏర్పాటు చేసిన కాలక్షేపమని తెలిస్తే మొదటిరోజే తిప్పి పంపేస్తారు. అలాంటి తల్లి వీధికొకరుంటారు, అబద్ధం ఆడాల్సిన పనిలేదు. ట్యూషన్ మొదలవడానికి ముందే వినికిడి సంగతి చూసుకోండి. పిల్లల ప్రశ్నలు అందకపోతే ఉన్న ధైర్యం కూడా పోతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు అవగానే పిల్లలు రావడం ఆగిపోతుంది, ఏప్రిల్, మే ఖాళీ. మీరు ఇండియా రాదలచుకుంటే టికెట్లు ఆ నెలలకు తీసుకోండి.

తిండి. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు, వడ్డించుకోబుద్ధి కాదు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ స్నేహితుడో, ఊళ్లోనే ఉన్న బంధువో ఇంటికి భోజనానికి వచ్చేలా చూడండి, ఖర్చు మీరు పెట్టుకోండి. వంటమనిషిని పెట్టుకుంటే ఆ రోజుల్లో ఇద్దరికి వండుతుంది. పనిమనిషికి మీరు ఫోన్‌లో ఆజ్ఞలివ్వకండి, ఏం వండాలో ఆయనే చెప్పాలి. హాల్లో కెమెరా తీసేయించండి. దానివల్ల ఆవిడా ఇబ్బందిపడుతుంది, ఆయనా తన ఇంట్లో తాను పరీక్ష రాస్తున్నట్టు ఉంటారు. పడిపోతారన్న భయం ఉంటే బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు, జారని చాపలు, రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించండి. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వండి.

మీ ఫోన్ సంగతి. "తిన్నావా, మందులేసుకున్నావా, నడిచావా" మూడూ హాజరు ప్రశ్నలే. హాజరు పలికి పెట్టేస్తున్నారు. రోజూ వద్దు, వారానికి నాలుగు రోజులు చేయండి. ఇండియా టైము రాత్రి ఏడు గంటలు ఖాయం చేసుకోండి. మీకు వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం మీ గడియారం మారినా, ఆయన వేళ మారకూడదు. ప్రతిసారీ ఆయన్ని ఏదో ఒకటి అడగండి, నిజంగా మీకు కావాల్సింది. ఇంటి లోను వడ్డీ లెక్క, మీ అబ్బాయి హోంవర్కులో చిక్కిన లెక్క, అమ్మ గోంగూర పచ్చడిలో ఏమేం వేసేదో. అమ్మగారి పేరు ఎత్తితే బాధపడతారని ఇంట్లో అందరూ దాటవేస్తుంటారు, దానివల్ల ఆవిడ గురించి మాట్లాడే మనిషే ఆయనకు లేకుండాపోయారు. ఎత్తండి. గొంతు పూడుకుపోతే కాసేపు లైనులో ఊరికే ఉండండి.

జాగ్రత్తపడాల్సిన సావాసాలు కూడా ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే పేకాట, మందుతో ముగిసే సాయంత్రాలు, పొద్దున్నుంచీ రాజకీయాల మీద తిట్టుకునే వాట్సాప్ గ్రూపులు. మనుషుల మధ్యకు వెళ్లొచ్చాక రాత్రి నిద్ర పడుతోందా, చిరాకు పెరుగుతోందా అన్నది చూస్తే ఏ సావాసం మంచిదో తెలిసిపోతుంది.

చివరిగా బావగారి సలహా. ఇప్పుడైతే వద్దు. హోంలో మనుషులుంటారు నిజమే, కానీ ఆయన్ని గుర్తుపట్టే ఊరు ఉండదు. పైన చెప్పినవన్నీ ఒక ఎనిమిది, పది నెలలు సాగనివ్వండి. ఆ తర్వాత కూడా ఒంటరిగా ఉండలేకపోతే, లేదా మతిమరుపు, పడిపోవడం లాంటివి మొదలైతే, అప్పుడు ఆయన్నే వెంటబెట్టుకుని రెండు మూడు హోంలు చూడండి. తెనాలి, గుంటూరు, విజయవాడ దాటి దూరం వెళ్లకండి, స్నేహితులు వచ్చి పోయేలా ఉండాలి. ఆఫీసు గది, తోట, ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. చెప్పకుండా మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లండి. అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకుంటూ తింటున్నారా, ఎవరి గదికి వాళ్ల పళ్లెం వెళ్తోందా చూడండి. అక్కడి పనివాళ్లు పెద్దవాళ్లను పేరు పెట్టి, గౌరవంగా పిలుస్తున్నారా, "ఏయ్ తాతా" అంటున్నారా వినండి. నచ్చితే డిపాజిట్ కట్టేముందు రెండు నుంచి నాలుగు వారాలు అతిథిగా ఉండనిస్తారా అడగండి. ఆ నాలుగు వారాలూ తెనాలి ఇంటి తాళం ఆయన దగ్గరే ఉండాలి, ఇల్లు అద్దెకివ్వడం, అమ్మడం గురించి ఎవరూ మాట ఎత్తకూడదు.